మేనమామ అన్న ‘సర్కస్’ మాట

ప్రశ్న: మేము హనుమకొండలో ఉంటాము. మా అమ్మాయికి పదిహేడేళ్ళు, ఏడేళ్ళుగా పియానో నేర్చుకుంటోంది. ఒక విదేశీ పియానిస్టు వీడియోలు చూసి, ఆయనలాగే ఊగుతూ, చేతులు పైకి లేపుతూ, జుట్టు విదిలిస్తూ వాయించడం అలవాటు చేసుకుంది. మొన్న మా గృహప్రవేశం నాటి సాయంత్రం చుట్టాలందరి ముందు లిస్ట్ రాసిన రెండవ హంగేరియన్ రాప్సొడీ వాయించింది. మొదటి సగం నెమ్మదిగా ఉంటుంది, చుట్టాలకు విసుగు వస్తుందని దాన్ని వదిలేసి, వేగంగా నడిచే రెండో సగం మాత్రమే వాయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా అన్నయ్య ముప్ఫై ఏళ్ళుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ వాయిస్తున్నారు. ఆయన మాత్రం అందరి ముందే, “ఇది సంగీతం కాదు బిడ్డా, సర్కస్” అన్నారు. అమ్మాయి ఆ రాత్రే పియానో మీద గుడ్డ కప్పేసింది. ఐదు వారాలయింది, తీయలేదు. అన్నయ్యను తప్పు పట్టలేకపోతున్నాను, అమ్మాయిని ఓదార్చలేకపోతున్నాను. ఇంతకీ అటువంటి పియానిస్టులు నిజమైన కళాకారులా, లేక జనాన్ని మురిపించే ఆటగాళ్ళా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు అడిగిన ప్రశ్న ఒకటి, మీ ఇంట్లో తేలవలసిన సంగతి మరొకటి. ఆ పియానిస్టు కళాకారుడా, ఆటగాడా అన్నది దాదాపు రెండు వందల ఏళ్ళుగా నలుగుతున్న తగువు. పియానో మీద కప్పిన గుడ్డ మీ ఇంటి సమస్య. మొదటిదాన్ని కొంతైనా విప్పకుండా రెండోదాన్ని తీయలేము కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ పియానిస్టు పేరు మీరు రాయలేదు, అదీ మంచిదే అయింది. తెలిసి ఉంటే నేను కూడా నా ఇష్టాయిష్టాలను బట్టి ఒక్క మాటలో తీర్పు చెప్పేసి ఊరుకునేదాన్నేమో. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన వాక్యం ఒకటుంది: అమ్మాయి మొదటి సగం వదిలేసిందన్నది. నేను ఎటు తిరిగినా చివరికి అక్కడికే వస్తాను.

ముందుగా మీ అన్నయ్యగారి మాట. నైపుణ్యం తనను తాను చూపించుకోవడానికి ముందుకు వచ్చి, పాటను పక్కకు నెట్టేసిందని ఆయనకు అనిపించింది. దానికి ఆయన పెట్టిన పేరు సర్కస్. అయితే ఈ ఆరోపణ పియానో మీదికి రావడానికి ముందు వయొలిన్ మీద వచ్చిందన్న సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది. ఇటలీ దేశపు నికోలో పగనీని (1782–1840) ఒకే తీగ మీద ఒక రచన మొత్తాన్ని వాయించి చూపేవాడు. ఆ చేతివాటం మనుషులకు సాధ్యం కాదని, అతనికి దయ్యంతో ఒప్పందం ఉందని జనం చెప్పుకునేవారు. 1832లో పారిస్ నగరంలో ఆ వయొలిన్ విన్న ఇరవై ఏళ్ళ ఫ్రాంజ్ లిస్ట్, పియానో మీద తాను అంతటివాడు కావాలని పట్టుబట్టి, రోజుకు నాలుగైదు గంటలు కేవలం వేళ్ళ సాధనకే కేటాయించాడు. మీ అమ్మాయి వాయించినది ఆ లిస్ట్ రచనే. అంటే మేనమామ వాద్యమే మేనకోడలి వాద్యానికి ఈ జబ్బు అంటించిందన్నమాట. ఈ మాట ఆయనకు నా పేరు మీద చెప్పండి, నవ్వుతారు.

లిస్ట్ (1811–1886) గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్న మొత్తం ఆయన ఒక్కడి జీవితంలోనే ఉంది. 1839 నుంచి 1847 దాకా ఆయన ఇటు పోర్చుగల్ మొదలుకొని అటు టర్కీ, రష్యాల వరకు తిరిగి వెయ్యికి పైగా కచేరీలు చేశాడు. అంతకు ముందు కచేరీ అంటే ఇద్దరు ముగ్గురు గాయకులు, ఒక వాద్యబృందం, వాళ్ళ మధ్య వంతు వచ్చినప్పుడు వాయించే పియానో. సాయంత్రమంతా ఒక్క పియానోతో, ఒక్క మనిషితో నడిపించే పద్ధతికి దారి వేసినవాడు లిస్ట్; 1840 జూన్‌లో లండన్‌లో దానికి ‘రిసైటల్’ (వల్లింపు) అని పేరు పెడితే, పియానో మీద వల్లించడమేమిటని అక్కడివాళ్ళే విడ్డూరంగా చూశారు. ‘కచేరీ అంటే నేనే’ అని ఆయన ఒక ఉత్తరంలో సరదాగా రాసుకున్నాడు కూడా. వేదిక మీదికి వచ్చి చేతి తొడుగులు విప్పి పడేస్తే వాటి కోసం స్త్రీలు ఎగబడేవారు. ఈ వెర్రికి 1844లో హైన్రిష్ హైనె అనే జర్మన్ కవి ‘లిస్టోమేనియా’ అని పేరు పెట్టాడు. ఇంతవరకు వింటే, మీ అన్నయ్యగారు గెలిచినట్టే.

అయితే లిస్ట్ చేసిన మరో పని చూడండి. పియానోను వేదిక మీద అడ్డంగా పెట్టించి, తన పక్క ముఖం సభకు కనబడేలా కూర్చునేవాడు. అంతకు ముందు తరంలో డుస్సెక్ అనే పియానిస్టు, మనిషి మంచి అందగాడు, ఈ ఏర్పాటును మొదలుపెట్టాడని చెబుతారు. తన ముఖం చూపించుకోవడానికి వాద్యాన్నే తిప్పడం కంటే మించిన ఆర్భాటం ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పెద్ద పియానో మూత ఒక పక్కకే తెరుచుకుంటుంది. వాద్యాన్ని అలా అడ్డంగా పెట్టినప్పుడే, ఎత్తి నిలబెట్టిన ఆ మూత తీగల నాదాన్ని నేరుగా సభ వైపు తిప్పి పంపుతుంది. ఈ రోజు ఏ గంభీరమైన పియానిస్టు కచేరీకి వెళ్ళినా వాద్యం అలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆర్భాటం అనరు. ఆ పని అందం చూపించుకోవడం కోసమా, నాదం కోసమా అని విడదీయబోతే అది విడిపోదు.

కాగితం చూడకుండా వాయించడం సంగతీ అంతే. 19వ శతాబ్దం మొదటి సగంలో స్వరలిపి ఎదురుగా పెట్టుకోకుండా కూర్చోవడాన్ని, రచయిత కంటే తానే గొప్ప అని చాటుకునే అహంకారంగా కొందరు చూసేవారు. అలా కంఠస్థంగా వాయించినవారిలో లిస్ట్ ఒకడైతే, లిస్ట్ ఆర్భాటమంటేనే గిట్టని పియానిస్టు క్లారా షూమాన్ (1819–1896) మరొకరు. ఆ తరువాతి తరాల్లో అదే కంఠస్థం గంభీరతకు గుర్తు అయింది. మన దగ్గర కృతిని పుస్తకం చూసి పాడితే సాధన చాలలేదంటారు కదా, వాళ్ళ దగ్గర ఒకప్పుడు చూడకుండా వాయిస్తే పొగరు అన్నారు. ఆర్భాటానికీ మర్యాదకూ మధ్య గీత ఊరును బట్టి, కాలాన్ని బట్టి జరుగుతూ ఉంటుంది.

లిస్ట్‌ను నేను వెనకేసుకు వస్తున్నానని అనుకోకండి. 1838 నాటి ‘గ్రాండ్ గాలప్ క్రొమాటిక్’ అనే రచనను ఆయన కచేరీ ముగింపులో తరచుగా వాయించేవాడు. అది మన దీపావళి తారాజువ్వలాంటిది, ఒకసారి చూస్తే చాలు. ఆయన రాసినవాటిలో ఇటువంటివి తక్కువేమీ కావు. అదే మనిషి 1847లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, ఐరోపా మొత్తం తన చుట్టూ తిరుగుతున్న సమయంలో, డబ్బు తీసుకుని వాయించడం మానేశాడు. వైమార్ అనే చిన్న పట్టణంలో కుదురుకుని, 1850లో వాగ్నర్ అనే జర్మన్ స్వరకర్త రచించిన ‘లోహెన్‌గ్రిన్’ సంగీత నాటకాన్ని మొట్టమొదటిసారి తానే నడిపించాడు; 1853లో బి మైనర్ సొనాటా అనే పెద్ద పియానో రచన పూర్తి చేశాడు; తన దగ్గరకు వచ్చిన శిష్యులకు రుసుము లేకుండా నేర్పాడు. 1881 నాటికి ఆయన రాసిన ‘బూడిద రంగు మబ్బులు’ అనే చిన్న రచనలో వేగం అన్నదే లేదు, వేళ్ళకు చూపించడానికి ఏమీ లేదు. అది మూడు నిమిషాలలోపే, ముగిసిందో లేదో తెలియనట్టుగా ఆగిపోతుంది. తొడుగులు విసిరినవాడు, ఆ మబ్బులు రాసినవాడు ఒక్కడే. ఇద్దరిలో ఒకరిని అసలువాడని, మరొకరిని వేషమని నేను చెప్పలేను. వేళ్ళకు ఏదీ అసాధ్యం కాని స్థితికి చేరిన మనిషి కనుకనే, వేళ్ళను పక్కన పెట్టి రాయగలిగాడని మాత్రం అనిపిస్తుంది.

ఇక ఊగడం, చేతులు లేపడం. ఇక్కడ ఊహాగానాలతో పని లేదు, పియానో లోపలికి చూస్తే చాలా వరకు తేలిపోతుంది. 1700 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తొఫోరి తయారు చేసిన ఏర్పాటు మూలసూత్రం ఈనాటికీ అదే. మెట్టును, అంటే వేలితో నొక్కే పలకను, నొక్కితే అది సుమారు 10 మిల్లీమీటర్లు దిగుతుంది; ఆ దిగే క్రమంలో లోపల ఉన్నితో కప్పిన చిన్న సుత్తి తీగ వైపు విసరబడుతుంది. తీగను తాకడానికి రెండు మూడు మిల్లీమీటర్ల ముందే ఆ సుత్తికి మెట్టుతో సంబంధం తెగిపోతుంది. అక్కడి నుంచి అది గాలిలో ఎగురుతున్న రాయిలాంటిది. వాయించేవాడు ఆ తరువాత కళ్ళు మూసుకున్నా, మణికట్టును వణికించినా, చేతిని చూరు దాకా లేపినా ఆ స్వరంలో వెంట్రుకవాసి మార్పు రాదు. మీ అన్నయ్యగారు వయొలిన్ మీద స్వరం పలుకుతుండగానే దాన్ని పెంచగలరు, గమకంతో ఊపగలరు. పియానోకు ఆ భాగ్యం లేదు. మీ ఇంట్లో ఉన్నది డిజిటల్ పియానో అయితే మరీ స్పష్టం: దానిలోని సెన్సర్ మెట్టు ఎంత వేగంగా దిగిందో కొలుస్తుంది, ముఖం ఎలా పెట్టారో కొలవదు.

కనుక స్వరం పలికిన తరువాత చేసే అభినయమంతా చూసేవారి కోసమే అని చెప్పవచ్చా? తొందరపడకూడదు. స్వరానికి ముందు జరిగేది వేరే కథ. బరువైన స్వరగుచ్ఛం గట్టిగా, అయినా కరుకుగా కాకుండా పలకాలంటే బలం వేళ్ళ నుంచి రాదు, వీపు నుంచి, భుజం నుంచి జారి రావాలి. ఆ జారడం బయటికి ఊగినట్టు కనబడుతుంది. ఎడమ చివరి నుంచి కుడి చివరికి చెయ్యి దూకవలసినప్పుడు విల్లులా ఒక వంపు తిరిగి వెళ్ళడమే అన్నిటికన్నా సుఖమైన దారి. ఒక పదబంధం చివర మణికట్టును పైకి లేపడం ముంజేతి కండరాలకు విశ్రాంతి. అది చేయనివారే కొన్నాళ్ళకు చేతి నొప్పులతో వైద్యుల దగ్గరకు వెళతారు. మన మృదంగ విద్వాంసుల తలలు ఊగవా, వరుస మధ్యలో గాయకుల చేతులు గాలిలో మెట్లు కట్టవా? వాటిని మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కనుక అవి మన కళ్ళకు అడ్డు రావు. అమ్మాయి అభినయంలో ఏది పనికి వచ్చేది, ఏది అరువు తెచ్చుకున్నది అన్నది ఆమె గురువు పక్కన కూర్చుని అరగంటలో తేల్చగలరు. జుట్టు విదిలించడం అరువు సొమ్మేనని నా అనుమానం, కానీ పదిహేడేళ్ళ పిల్ల ఎవరో ఒకరిని అనుకరించకుండా ఎలా నేర్చుకుంటుంది?

అనుకరణ అన్నాను కనుక మన ఊరి సంగతి ఒకటి. మిమిక్రీ అంటే కాలక్షేపం, సభకు సభకు మధ్య నవ్వులాట అని అందరూ అనుకునే రోజుల్లో వరంగల్ బిడ్డ నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) ఆ పనిని జీవితాంతం చేసి, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. హనుమకొండలో ఒక కళాప్రాంగణమే ఆయన పేరుతో ఉంది. ఆయన సినిమా దృశ్యాలను మాటలతో సహా, వెనకాల వినబడే చప్పుళ్ళతో సహా ఒక్క గొంతుతో వినిపించేవారు. జనం నివ్వెరపోవడానికే వచ్చేవారు, ఆయన వారిని నివ్వెరపరిచే పంపేవారు. దాన్ని కళ అనడానికి మన జిల్లాలో ఈ రోజు ఎవరూ సందేహించరు. అవధానం సంగతీ చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుండగా, అక్షరాన్ని నిషేధిస్తూ ఒకరు, సంబంధం లేని మాటలతో దారి తప్పిస్తూ ఒకరు వేధిస్తుండగా, పద్యాలు అల్లి చివరన అన్నీ ధారణ చేసి అప్పజెప్పడం అచ్చమైన విన్యాసమే. అందులో పుట్టిన పద్యాల్లో చాలా వాటికి ఆ సాయంత్రంతోనే ఆయుష్షు తీరుతుంది, కొన్ని మాత్రం నిలుస్తాయి.

నాకు ఈ విషయం తెలిసింది పుస్తకాల వల్ల కాదు. నా చిన్నప్పుడు జనగామ దగ్గరి మా అమ్మమ్మ ఊళ్ళో బీరప్ప పండుగకు ఒగ్గుకథ చెప్పించారు. రాత్రి పది దాటాక మొదలైంది. డోలు వాయించేవాళ్ళు వాయిస్తూనే గిర్రున తిరిగేవారు, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి అక్కడ నుంచి కూడా దరువు తప్పకుండా కొట్టేవారు. పిల్లలం ఈలలు వేశాం. మా తాత పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి, కథ చెప్పమంటే కోతిచేష్టలేమిటని సణుక్కున్నాడు. తెల్లవారుజామున రెండు మూడు గంటల వేళకు కథ బీరప్ప అక్క మహంకాళి దగ్గరికి వచ్చింది. అంతసేపూ ఎగిరిన ప్రధాన కథకుడు డోళ్ళను ఆపించాడు. నడుముకు చుట్టుకున్న రుమాలు విప్పి, ఒక కొస తల మీదుగా వేసుకున్నాడు. అంతే, ఇంకేమీ చేయలేదు. గొంతు తగ్గించి తమ్ముణ్ణి పిలిచాడు. చెమటతో తడిసిన మీసాల మనిషి, తల మీద రుమాలు కొస, ఒక చిన్న తాళం మోత. మా అమ్మమ్మ ముక్కు చీదడం నాకు వినబడింది. సణుక్కున్న పెద్దమనిషి కిక్కురుమనలేదు.

అప్పటికి నాకు పదేళ్ళు, అర్థమైంది ఏమీ లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రాత్రి పది గంటలకు నేరుగా రుమాలు తల మీద వేసుకుని ఉంటే మేము పిల్లలం నిద్రపోయేవాళ్ళం, మా అమ్మమ్మ కూడా అంతగా కదిలేది కాదేమో. ఎగురుడు మమ్మల్ని మేలుకొలిపి కూర్చోబెట్టింది, ఆగడం మా లోపలికి వెళ్ళింది. ఒకదాని తరువాత ఒకటి రావాలి, రెండూ ఉండాలి. ఎగురుడు మాత్రమే చూపి డోళ్ళు సర్దుకుని వెళ్ళిపోయి ఉంటే, సణుగుడు పెద్దమనిషి చెప్పిందే నిజమయ్యేది.

ఇప్పుడు మీ అమ్మాయి వాయించిన రచన దగ్గరికి వద్దాం. పిల్లి పియానో వాయించే పాత కార్టూన్‌లో మన పిల్లలు చాలా మంది మొదటిసారి విన్నది ఇదే. బహుశా దీనికి అంటిన తేలికతనంలో సగం ఆ పిల్లి పుణ్యమే. లిస్ట్ దీన్ని 1847లో రాశాడు, 1851లో అచ్చయింది. హంగేరీ నాట్యబాణీల పద్ధతిలో ఇది రెండు భాగాలు. నెమ్మదిగా నడిచే మొదటి భాగాన్ని లాషాన్ అంటారు, వేగంగా పరుగెత్తే రెండోదాన్ని ఫ్రిష్కా అంటారు. లాషాన్ బరువుగా, కింది స్థాయి స్వరాలతో, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని పాత సంగతి చెప్పబోతున్నట్టు మొదలవుతుంది. మధ్యలో అది కొంచెం తేలికపడి ఒక చిన్న బాణీని అలవోకగా పలికించి వదిలేస్తుంది. ఫ్రిష్కా మొదలయ్యేటప్పుడు వినబడేది ఆ లాషాన్ జ్ఞాపకమే: అక్కడ అలవోకగా వదిలినది ఇక్కడ గుసగుసలా, ఒకే మెట్టును చకచకా మీటే చిరుసవ్వడి కింద తిరిగి వచ్చి, క్రమంగా పెరిగి, చివరికి ఊరంతా ఎగిరినట్టు అవుతుంది. ఒకే మెట్టును అంత వేగంగా మళ్ళీ మళ్ళీ పలికించడం వెనుక కూడా, 1821లో పారిస్‌లోని ఎరార్ తయారు చేసిన ఏర్పాటు ఉంది. మెట్టు పూర్తిగా పైకి లేవకముందే సుత్తిని మళ్ళీ సిద్ధం చేసే ఆ పనితనం లేకపోతే లిస్ట్ వేళ్ళు ఎంత వేగంగా ఉన్నా వాద్యం అందుకోలేకపోయేది.

లాషాన్ వినని మనిషికి ఫ్రిష్కాలో జ్ఞాపకం వచ్చేదేమీ ఉండదు. గుసగుస ఎందుకో తెలియదు, పెరిగింది ఎక్కడి నుంచో తెలియదు. వేళ్ళు మాత్రం కనబడతాయి. మీ అన్నయ్యగారికి ఆయన భాషలో చెప్పాలంటే, రాగాలాపన లేదు, పల్లవి లేదు, నేరుగా తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగం. ఎంత గొప్ప మృదంగమైనా అలా విడిగా తెచ్చి గృహప్రవేశంలో వినిపిస్తే ఆయనే సర్కస్ అంటారు. కనుక, అమ్మా, ఆ సాయంత్రం ఆయన విన్న దాన్ని బట్టి ఆయన చెవి సరిగ్గానే పని చేసిందని నేను అనుకుంటున్నాను. పెట్టిన పేరు, చూపించిన కారణం మాత్రం తప్పు. అమ్మాయి ఊగినందువల్ల అది సర్కస్ కాలేదు, అయిదారు నిమిషాల నెమ్మదిని చుట్టాలు భరించలేరని తానే ముందుగా తీర్మానించుకోవడం వల్ల అయింది. ఆర్భాటం అంటే నాకు తెలిసినంతలో అదే: ఎదుటివారి ఓపిక మీద నమ్మకం లేకపోవడం. ఒక చెయ్యి ఎత్తుగా లేపితే దానికి పెద్ద దోషం లేదు.

ఈ పరీక్షను ఆమె అభిమాన పియానిస్టుకు కూడా మీరు పెట్టవచ్చు. ఆయన వేగాన్ని చూడకండి, ఆయన నెమ్మది రచనలను ఎలా వాయిస్తాడో, బొమ్మ ఆపేసి శబ్దం మాత్రం వినండి. బొమ్మ ఆపమనడానికి కారణం ఉంది. 2013లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో చియా-జుంగ్ త్సాయ్ ఒక పరిశోధన ప్రచురించారు. సంగీత పోటీల విజేతలను గుర్తించమంటే, శబ్దం మాత్రమే విన్నవారి కంటే శబ్దం లేని వీడియో చూసినవారే ఎక్కువ సరిగ్గా గుర్తించారు, వృత్తి సంగీతజ్ఞుల విషయంలోనూ అంతే జరిగింది. మనమంతా చెవులతో తీర్పు చెబుతున్నామనుకుంటూ కళ్ళతో చెబుతామన్నమాట. అభినయం చూసి మురిసిన చుట్టాలకూ, అభినయం చూసి ముఖం చిట్లించిన మీ అన్నయ్యగారికీ ఇది సమానంగా వర్తిస్తుంది.

వ్లాదిమిర్ హొరోవిట్జ్ (1903–1989) అనే పియానిస్టు పేరు చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఒక అమెరికన్ సైనిక కవాతు గీతాన్ని మూడు చేతులు వాయిస్తున్నట్టు వినిపించేలా పియానోకు మార్చుకుని, కచేరీ చివర సభను లేపి నిలబెట్టేవాడు. అది నిస్సందేహంగా ఆటే, ఆయన దాన్ని దాచుకోలేదు కూడా. 1925లో వదిలి వెళ్ళిన సోవియట్ దేశానికి అరవై ఒక్క ఏళ్ళ తరువాత, 1986 ఏప్రిల్ 20న మాస్కోలో ఆయన కచేరీ చేశాడు. ముసలి వేళ్ళు అక్కడక్కడ తడబడ్డాయి. సభ మళ్ళీ మళ్ళీ కోరిన మీదట ఆయన వాయించిన వాటిలో ఒకటి క్లారా భర్త రాబర్ట్ షూమాన్ 1838లో రాసిన ‘ట్రాయ్‌మెరై’, ఒక పసివాడి కలలాంటి ముక్క. స్వరాలు మాత్రమే చూస్తే కొన్నేళ్ళు నేర్చుకున్న పిల్లలు వాయించగలిగినంత సులువైనది. అక్కడ కూర్చున్నవారి కళ్ళలో నీళ్ళు కెమెరాకు చిక్కాయి. వీడియో దొరుకుతుంది, అమ్మాయితో కలిసి చూడండి. ఆయన చేతులు ఎంత తక్కువ కదులుతాయో గమనించమనండి; ఏ వ్యాఖ్యానమూ చేయకండి.

ఇక మీరు చేయవలసినది. ఆ గుడ్డను మీరు తీయకండి, తీయమని అడగకండి కూడా. పదిహేడేళ్ళ వయసులో అందరి ముందు పడిన మాట తల్లి ఓదార్పుతో పోదు; ఎవరు అన్నారో వారే కొంత దిగి రావాలి. ఆయన క్షమాపణ చెప్పనక్కరలేదు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు క్షమాపణ చెబితే పిల్లలకే ఇబ్బంది. ఆయన ఒక ఆదివారం పొద్దున, చుట్టాలు లేనప్పుడు వచ్చి, “నువ్వు వదిలేసిన ఆ మొదటి సగం నాకు వినాలని ఉంది బిడ్డా” అంటే చాలు. ఆ మాటలో విమర్శ ఉంది, గౌరవమూ ఉంది. అమ్మాయి తెలివైనది కనుక రెండూ అందుకుంటుంది. ఆమె వెంటనే వాయించకపోవచ్చు, లాషాన్‌ను ఇన్నాళ్ళు పక్కన పెట్టింది కనుక వేళ్ళకు అది రాకపోవచ్చు కూడా. నెమ్మదైనదే కష్టం: వేగంలో తప్పులు కొట్టుకుపోతాయి, నెమ్మదిలో ఒక్కొక్క స్వరమూ ఒంటరిగా నిలబడి సమాధానం చెప్పుకోవాలి. నెల రోజులు పట్టనివ్వండి. సాధన సమయంలో ఆమె తన వాయింపును ఫోన్‌లో శబ్దం మాత్రమే రికార్డు చేసుకుని, మరునాడు విని చూసుకోవడం మంచిది. ఆ రోజే వింటే చేతులు గుర్తుండి చెవులను మోసం చేస్తాయి.

ఊగడం మానేయమని మాత్రం ఎవరూ చెప్పకండి. లాషాన్ నేర్చుకుంటే కొంత ఊగుడు దానంతట అదే రాలిపోతుంది, మిగిలినది ఆమెకు కావలసినది.

మరొక్క సంగతి, ఇది మీ అన్నయ్యగారికి ఆసక్తి కలిగిస్తుందని రాస్తున్నాను. ఫ్రిష్కా దాదాపు ముగియబోయే చోట లిస్ట్ ఒక ఖాళీ వదిలాడు. అక్కడ కాడెంజా అని రాసి, వాయించేవారు తమ ఇష్టం వచ్చినట్టు సొంతంగా కల్పించుకోవచ్చన్నాడు. రష్యన్ పియానిస్టు రహ్మానినోవ్‌లాంటివారు అక్కడ తమ సొంత కల్పన వాయించారు, చాలా మంది ఏమీ వాయించకుండా దాటేస్తారు. మీ అమ్మాయి కూడా దాటేసే ఉంటుంది. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడం, ఆమె గురువులు నేర్పే విద్య కాదు, మేనమామకు ముప్ఫై ఏళ్ళుగా అలవాటైన విద్య. ఆ ఖాళీలో ఏం వాయించాలో ఆయననే అడగమనండి.